కచేరి ఉర్దూ, వాడ దక్కనీ: 1948కి ముందటి తెలంగాణ గ్రామ సహజీవనం – తెలుగు సాహిత్య చిత్రణ

వ్యాససంగ్రహం:

1948 సెప్టెంబరుకు ముందు తెలంగాణ గ్రామాలలో హిందువులు, ముస్లింలు కలిసి బతికిన తీరును తెలుగు నవల, నాటకం, కథ, జ్ఞాపక రచనలు ఏ మేరకు పట్టుకోగలిగాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ సహజీవనాన్ని ‘సామరస్యం’ అనే ఒక్క మాటతో మెచ్చుకోవడం గానీ, ‘తురక పాలన’ అనే ఒక్క మాటతో కొట్టివేయడం గానీ గ్రామాన్ని కనుమరుగు చేస్తాయి. గ్రామంలో రెండు రకాల ఉర్దూ ఉండేది. ఒకటి రికార్డుల్లో, కోర్టుల్లో నడిచిన అధికార భాష; రెండవది వాడలో, పనిలో, పండుగలో వినిపించిన దక్కనీ. ఈ రెండింటినీ వేరుచేసి చూసిన రచనలే సహజీవనాన్ని నిజంగా చిత్రించగలిగాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు చెక్–జర్మన్ సరిహద్దు గ్రామాల చరిత్రను పోలికగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: తెలంగాణ నవల, పోలీసు చర్య, దక్కనీ, సహజీవనం, బందగీ, ముస్లింవాద సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వైపు వెళ్లే దారిలో తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం దాటితే యాచారం వస్తుంది. యాచారం మండలంలో నందివనపర్తి ఉంది. నజ్దిక్ సింగారం కూడా ఉంది. నంది పేరు మోసిన ఊరు ఒకటి, ‘దగ్గరి’ అనే అర్థమున్న పారసీ మాట ముందు చేరిన తెలుగు ఊరు మరొకటి. ఈ పేర్లను పలికేటప్పుడు స్థానికులెవరూ రెండు భాషల మధ్య గీత దాటుతున్నామని అనుకోరు. ఊరిపేరులో భాషలు ఇంత సహజంగా కలిసిపోయిన చోట, ఆ ఊళ్లలో బతికిన మనుషుల కలయికను గురించి సాహిత్యం ఏం చెప్పిందన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న నేటికీ చల్లారలేదు. సెప్టెంబరు 17 ఒక్క తేదీకే విమోచన దినం, సమైక్యతా దినోత్సవం, ప్రజాపాలన దినోత్సవం అని ప్రభుత్వాలు పెట్టిన పేర్లు మూడు. ఒక వాదం నిజాం కాలాన్ని గంగా–జమునా సంస్కృతిగా కీర్తిస్తుంది. మరొక వాదం దానిని మతపాలనగా మాత్రమే చూస్తుంది. మొదటిది నగరంలోని దేవిడీల నుంచి, కవిసమ్మేళనాల నుంచి ఉదాహరణలు తెస్తుంది. రెండవది రజాకార్ల దాడుల నుంచి తెస్తుంది. రెండింటిలోనూ మామూలు గ్రామం, అందులోని పేద ముస్లిం కుటుంబం కనిపించవు. ఆ లోటును పూరించవలసిన బాధ్యత చరిత్రతోపాటు సాహిత్య విమర్శకు కూడా ఉంది.

2. పోలికకు ఆధారం – చెక్, జర్మన్ గ్రామాలు:

గ్రామ సహజీవనాన్ని చదివే పద్ధతికి మధ్య ఐరోపా చరిత్ర పనికివస్తుంది. బొహీమియా, మొరేవియా ప్రాంతాల సరిహద్దు గ్రామాలలో చెక్, జర్మన్ మాట్లాడే రైతులు తరాలుగా పొరుగువారు. అక్కడ ఒక ఆచారం ఉండేది. చెక్ రైతు తన బిడ్డను కొంతకాలం జర్మన్ రైతు ఇంటికి, జర్మన్ రైతు తన బిడ్డను చెక్ ఇంటికి పంపేవారు. సంతలో, పొలంలో, కొలువులో రెండవ భాష అవసరమవుతుంది కనుక పిల్లలు అలా నేర్చుకునేవారు. ఇందులో ఉదాత్తమైన ఆదర్శమేమీ లేదు. బతుకుతెరువే దీనికి కారణం.

ఘర్షణ ఎక్కువగా కచేరీల నుంచి, బడుల నుంచి వచ్చింది. 1880 నుంచి ఆస్ట్రియా జనగణన ప్రతి మనిషినీ నిత్య వ్యవహార భాష ఏదో ఒక్కటే చెప్పమన్నది. రెండు భాషల్లో బతికేవారు ఒక గడిలోకి పోవలసి వచ్చింది. 1897లో బొహీమియా ఉద్యోగులకు రెండు భాషలూ రావాలని ప్రధాని బదేనీ ఉత్తర్వులిస్తే వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. 1938లో మ్యూనిక్ ఒప్పందం, తరువాత నాజీ ఆక్రమణ, 1945–46లో సుమారు 30 లక్షల జర్మన్ల బహిష్కరణ ఆ గ్రామాల అల్లికను తెంచివేశాయి. చరిత్రకారిణి తారా జహ్రా ఈ ప్రాంతాలను అధ్యయనం చేస్తూ ‘జాతీయతా ఉదాసీనత’ అనే భావనను ముందుకు తెచ్చారు. సామాన్యులు చాలాకాలం తమను ఒక జాతికి చెందినవారుగా గుర్తించుకోవడానికి ఆసక్తి చూపలేదని దీని సారాంశం.

ఈ పోలికకు పరిమితి ఉంది. అక్కడి విభజన ప్రధానంగా భాషది, ఇక్కడిది ప్రధానంగా మతానిది. అక్కడ పిల్లల మార్పిడి ఇరువైపులా జరిగింది. ఇక్కడ ఉర్దూ నేర్చుకోవడం తెలుగువాడికి బడిలో నిర్బంధం. తెలుగు నేర్చుకోవడం గ్రామ ముస్లింకు బతుకులో అవసరం. అయినా ఒక సూత్రం రెండు చోట్లా వర్తిస్తుంది. కలిసి బతకడం పనిలో, ఇరుగుపొరుగులో పుట్టింది. విడదీసే మాట ముందుగా అధికారం నోట వచ్చింది.

3. రెండు ఉర్దూలు:

ఇబ్రహీంపట్నం పేరు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాను గుర్తుచేస్తుంది. 1550 నుంచి 1580 వరకు పాలించిన ఈయనే తెలుగు కవుల మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ ఈయనకు అంకితం. తొలి అచ్చతెలుగు కావ్యమైన పొన్నెగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్ర’ పటాన్‌చెరు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం. పారసీ మాట ఒక్కటి కూడా చొరకూడని కావ్యానికి ముస్లిం అధికారి కృతిభర్త కావడం గమనార్హం. సామరస్యవాదులు తరచు ఇక్కడే ఆగిపోతారు. ఆస్థాన పోషణ, గ్రామ సహజీవనం రెండూ ఒకటి కావు.

అసఫ్‌జాహీల పాలన చివరి దశకు పరిస్థితి మారింది. హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారే అయినా పాలన, న్యాయం, ఉన్నత విద్య ఉర్దూలో నడిచాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషను ఉన్నత విద్యా మాధ్యమం చేసిన గొప్ప ప్రయోగం. అయితే ఆ భాష రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష కాదు. 1921 నవంబరులో హైదరాబాదు సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సభలో తెలుగును గేలిచేసినవారిలో మరాఠీ భాషీయులున్నారన్నది మరువరాదు. భాషా తిరస్కారానికి మతం ఒక్కటే కారణమని చెప్పడానికి ఈ సంఘటనే అడ్డు.

గ్రామస్థాయిలో అధికార ఉర్దూ కొన్ని మాటల రూపంలో దిగివచ్చింది. పహాణీ, జమాబందీ, పట్టా, షిక్మీ, సేత్‌సింధి, గిర్దావర్, అమీన్, మున్సిఫ్ వంటివి ఈ కోవలోనివి. రైతుకు ఈ మాటలు వినిపిస్తే భయం. చదవలేని కాగితంపై వేలిముద్ర వేయడం ఈ భాషతో అతనికున్న ప్రధాన సంబంధం. ఈ భాషను ఊళ్లో చేతబట్టినవారు ఎక్కువచోట్ల హిందూ పట్వారీలు, పటేళ్లు, దేశ్‌ముఖులే. కచేరి ఉర్దూకు మతం లేదు. అది చదువుకున్నవాడి చేతిలో ఆయుధం.

వాడలో వినిపించినది మరొక భాష. సోపతి, దోస్తు, జల్ది, పరేషాన్, దవాఖాన, బేఫికర్ వంటివి తెలుగు మాటల్లో కలిసిపోయాయి. మరోవైపు దక్కనీ మాట్లాడేవారు తెలుగు ‘అని’ వాడే చోట ‘బోల్కే’ చేర్చి వాక్యం కట్టడం నేర్చారు. ఉత్తరాది ఉర్దూ వాక్యానికి ఈ కట్టు లేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ రెండువైపులా జరిగింది. వరసలు కూడా ఇలాగే కలిశాయి. పెళ్లి సంబంధం ఊహించలేని ఇళ్ల మధ్య కాకా, మామా, భాయ్, చిచ్చా అనే పిలుపులు నడిచాయి. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ ఊరంతా చేరేది. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో సైతం పీర్లు లేచేవి. అయితే అలావా దగ్గర కలిసినవారు బావి దగ్గర కలవలేదు. కులం గీసిన గీతలు పండుగ తరువాత మళ్లీ కనిపించేవి. ఈ సహజీవనం సమానుల మధ్య ఒప్పందం కాదని విమర్శకుడు ముందే అంగీకరించాలి.

4. తెలంగాణ నవల – గడి నీడలో పొరుగు:

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955) నిజాం పాలనలోని గ్రామాన్ని రాజకీయ చైతన్యం కోణంలో చూసిన తొలి నవల. దేశ్‌ముఖు దౌర్జన్యం, దళితుల మతమార్పిడి, ఆంధ్రమహాసభ ప్రభావం ఇందులోని ముఖ్యాంశాలు. మతమార్పిడిని ఆళ్వారుస్వామి విశ్వాస సమస్యగా చూడలేదు. వెట్టి నుంచి తప్పించుకునే దారి కోసం వెతుకులాటగా చూశారు. మతం మారితే పాలకుల మతంలో భాగమవుతామన్న ఆశ ఒకవైపు, మారినా బతుకు మారదన్న అనుభవం మరొకవైపు ఉన్నాయి. అప్పట్లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసిన ‘అనల్ మలిక్’ భావన ప్రతి ముస్లిమూ రాజ్యాధికారంలో భాగస్వామి అన్నది. దూది ఏకేవాడికి, గుర్రపు నాడాలు కొట్టేవాడికి అది ఊహల్లోని రాచరికాన్ని ఇచ్చింది. కుంచెడు గింజలు ఇవ్వలేదు. ఆ అంతరాన్ని గుర్తించడానికి అవసరమైన చూపు ‘ప్రజల మనిషి’లో ఉంది. అయితే కథ ఉద్యమం వైపు నడిచినకొద్దీ, ఊళ్లో ముందునుంచీ ఉన్న పేద ముస్లిం ఇంటి లోపలికి చూసే అవకాశం తగ్గింది.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) భాష విషయంలో మరింత ముందుకు వెళ్లింది. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన సంగీత విద్వాంసుని కళ్లతో తెలంగాణ పల్లెను చూపడం ఇందులోని నిర్మాణ విశేషం. ఊరివారికి మామూలైన ఉర్దూ మాట, గడి మర్యాద, దాసి వ్యవస్థ అతనికి కొత్త. అతనితోపాటు పాఠకుడికీ కొత్త. అధికార భాష గ్రామంపై ఎలా బరువుగా కూర్చున్నదో ఈ బయటివాని చూపు వల్ల స్పష్టమయింది. ఈ పద్ధతికి ఒక నష్టమూ ఉంది. బయటివాడికి ఉర్దూ అంతా ఒకే రకంగా వినిపిస్తుంది. అమీను గద్దింపులోని మాటకూ, పక్కింటి చిచ్చా పలకరింపులోని మాటకూ తేడా వినాలంటే ఊరివాడి చెవి కావాలి. నవల కేంద్రంలో దొర, కరణం, దాసి, వెట్టివాడు ఉన్నారు. ముస్లిం పొరుగువాడి ఇల్లు మాత్రం కథకు కేంద్రం కాలేదు. గడిపై రంగాచార్య చేసిన విమర్శకు ఇది లోపం కాదు. సహజీవన చిత్రణకు మాత్రం పరిమితి.

5. బందగీ – విభజన రేఖ ఎక్కడ?

ఈ పరిమితిని దాటిన పాత్ర నవలలో కాక నాటకంలో దొరుకుతుంది. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ పేద ముస్లిం రైతు. భూమి తగాదాలో అతని ప్రత్యర్థి సొంత దాయాది. ఆ దాయాదికి అండ విసునూరు దేశ్‌ముఖు. బందగీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచాడు. 1940లో దేశ్‌ముఖు మనుషులు అతన్ని చంపారు. ఈ ఉదంతం స్ఫూర్తిగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దానిని ఊరూరా ప్రదర్శించింది.

ఈ సంఘటన నిర్మాణమే ఒక పాఠం. బాధితుడు ముస్లిం, అతని ఎదిరిపక్షం ముస్లిం, చంపించిన దొర హిందువు, రాజ్యం నిజాముది, తీర్పు రాసిన భాష ఉర్దూ. మతం ఆధారంగా గీత గీస్తే ఈ కథ అర్థం కాదు. కచేరి ఉర్దూలో నడిచే చట్టం ఒక్కసారి పేదవాడి పక్షాన నిలబడినా, గడి అధికారం ముందు నిలవలేకపోయింది. నాటకకర్తలిద్దరూ తీరాంధ్ర నుంచి తెలంగాణను చూసినవారు. అయినా ముస్లిం రైతును ‘మంచి ముస్లిం’ అనే మినహాయింపుగా కాక రైతుగానే రంగస్థలంపై నిలబెట్టగలిగారు. సహజీవనానికి ఆధారం ఒకే రకమైన కష్టమని ఆ నాటకం చెప్పగలిగింది. ఉద్యమ సాహిత్యానికి సహజమైన ఒక సరళీకరణ కూడా ఇందులో ఉంది. పోరాటంలో కలిసినవారి ఇళ్లలో ఆచారాలు, అనుమానాలు, దూరాలు అలాగే మిగిలాయి. వాటి జోలికి నాటకం పెద్దగా వెళ్లలేదు.

6. నగర కథ, అనువాదం, జ్ఞాపకం:

నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ కథలు హైదరాబాదు ముస్లిం కుటుంబాల లోపలికి తెలుగు పాఠకుణ్ణి తీసుకువెళ్లాయి. ‘యుగాంతం’ కథ పోలీసు చర్య నాటి కల్లోలాన్ని హిందూ ముస్లిం స్నేహాల మధ్య నిలిపి చూపింది. ఒక యుగం ముగిసిందని ప్రకటించే కథలో గెలిచామన్న ఉత్సాహం లేకపోవడం విశేషం. తెలుగు కథలో అప్పటికి ఈ స్వరం అరుదు. అయితే కేశవస్వామి ప్రపంచం ప్రధానంగా నగరానిది. నగరంలో సహజీవనానికి మధ్యతరగతి మర్యాదల చట్రం ఉంది. గ్రామంలో ఆ చట్రం పనితోనూ కులంతోనూ తయారయింది. నగర కథను గ్రామానికి ప్రతినిధిగా చదవడం విమర్శలో తరచు జరిగే పొరపాటు.

దాశరథి కృష్ణమాచార్య జీవితమే ఈ వ్యాసం ప్రతిపాదనకు బలమైన సాక్ష్యం. నిజాం పాలనను ఎదిరించి నిజామాబాదు జైలులో ఉన్న కవి, ‘అగ్నిధార’ (1949) కర్త, తరువాతి కాలంలో ‘గాలిబ్ గీతాలు’ (1961) తెలుగులోకి తెచ్చారు. తమ్ముడు రంగాచార్య మీర్జా రుస్వా నవల ‘ఉమ్రావ్ జాన్ అదా’ను అనువదించారు. రాజుపై పోరాడినవారు రాజభాషలోని సాహిత్యాన్ని విడిచిపెట్టలేదు. కచేరిని, కవిత్వాన్ని వేరుచేసి చూడగలిగినవారికే ఇది సాధ్యం. ఉర్దూ దినపత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురికావడం కూడా ఇదే సత్యాన్ని మరోవైపు నుంచి చెబుతుంది. ఉర్దూ ఒక పక్షానికి చెందిన భాష కాలేదు.

ఆదిలాబాదు ప్రాంతపు సామల సదాశివ ‘యాది’ ఈ వరుసలో ప్రత్యేకమైనది. తెలుగు, ఉర్దూ, పారసీ, మరాఠీలు తెలిసిన ఈ రచయిత తన గురువులను, మిత్రులను, గాయకులను తలచుకునేటప్పుడు మతం పేరు చెప్పి పరిచయం చేయవలసిన అవసరం పడదు. మనిషి పలుకుబడిని బట్టి పాఠకుడికే తెలిసిపోతుంది. వాడ దక్కనీకి తెలుగు వచనంలో దొరికిన అతి సహజమైన రూపాలలో ఇది ఒకటి. జ్ఞాపక రచనకు ఉండే ప్రీతి వల్ల ఘర్షణలు వెనక్కు జరిగిన మాట నిజమే. కానీ సదాశివ సామరస్యం గురించి ఉపన్యసించలేదు. దానిని వాక్యంలో నిలిపారు.

7. పోలీసు చర్య, ఆ తరువాతి మౌనం:

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన సైనిక చర్యతో రాజ్యం భారతదేశంలో కలిసింది. అంతకుముందు రజాకార్ల దాడులు గ్రామాలను వణికించాయి. తరువాత జరిగిన ముస్లింల హత్యాకాండపై పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం ప్రభుత్వానికి నివేదిక సమర్పించింది. తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 మంది మరణించారని అందులో అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తెలుగు జిల్లాల్లో తీవ్రత అంతకన్నా తక్కువ. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందుబాటులో లేదు.

ఆ నివేదికలో సాహిత్య పరిశోధకులు ఆగి చదవవలసిన అంశం ఒకటుంది. ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల ప్రస్తావనతోపాటు, ఒకే వృత్తివారి మధ్య ఈ అనుబంధం మరింత గట్టిగా కనిపించిందని బృందం గుర్తించింది. హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారిని తోటి హిందువుల నుంచి కాపాడిన సందర్భాలను అది పేర్కొన్నది. సహజీవనం పనిలో పుట్టిందన్న మాటకు ఇంతకన్నా గట్టి ఆధారం అవసరం లేదు. మగ్గం గుంట పక్కన గుంట తవ్వుకున్న బంధం కష్టకాలంలో నిలబడింది. ఆ మగ్గాల కథ తెలుగు నవలలో తగినంతగా రాలేదు.

ఇక్కడ చెక్ సరిహద్దుతో తేడా స్పష్టమవుతుంది. అక్కడ ఒక సముదాయం దేశం నుంచే వెళ్లగొట్టబడింది. పాడుబడిన ఊళ్లు గుర్తుగా మిగిలాయి. ఇక్కడ ఎక్కువమంది ముస్లింలు ఇక్కడే ఉన్నారు. కొందరు పల్లె విడిచి హైదరాబాదు చేరారు. మిగిలినవారు నోరు మెదపకుండా బతికారు. ఆ మౌనానికి కారణం భయం ఒక్కటే కాదు. తాము ఎన్నడూ అనుభవించని రాచరికానికి తామే జవాబుదారులమన్నట్లు లోకం చూసిన చూపు కూడా కారణం.

ఆ మౌనం తెలుగు సాహిత్యంలో అర్ధశతాబ్దం తరువాత గాని గట్టిగా పగలలేదు. ‘జల్‌జలా’ (1998) కవితా సంకలనం, స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘వతన్’ (2004) కథా సంకలనం గ్రామ ముస్లిం ఇంటిని మొదటిసారి లోపలినుంచి చూపాయి. అంతకుముందు తెలుగు రచనల్లో ముస్లిం ఇంటికి వచ్చి చూసేవాడు హిందూ రచయిత. ఇప్పుడు ఆ ఇంటివాళ్లే గడపలో కూర్చుని ఊరిని చూశారు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో మరొక తెలుగు – ఈ మూడింటి మధ్య పెరిగినవారి వచనంలో భాషల సరిహద్దు సిద్ధాంతంగా కాక దినచర్యగా వచ్చింది. ఇందులోని కొన్ని రచనలు ఆవేశం వల్ల హిందూ పొరుగువారిని ఒకే ముద్దగా చూపాయన్న విమర్శ ఉంది. అది కొంతవరకు సమంజసమే. ముందటి నవల ముస్లిం పొరుగువారికి చేసినది కూడా దాదాపు అదేనని గుర్తిస్తే ఆ విమర్శ సమతూకంలో నిలుస్తుంది.

పరిశోధన రంగంలో అఫ్సర్ మహమ్మద్ కృషి ఈ దిశలో ముఖ్యమైనది. అనంతపురం జిల్లా గూగూడు కుల్లాయప్ప ఉత్సవంపై 2013లో, పోలీసు చర్య–హైదరాబాదు ముస్లింలపై 2023లో ఆయన వెలువరించిన ఆంగ్ల గ్రంథాలు జనస్మృతిని, సాహిత్యాన్ని చరిత్రకు ఆధారాలుగా స్వీకరించాయి. తెలుగు విశ్వవిద్యాలయ పరిశోధనలో ఈ మార్గం ఇంకా విస్తరించవలసి ఉంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

ఒకటి, గ్రామ సహజీవనం పని, వరస, పండుగ అనే మూడు ఆధారాలపై నిలిచింది. అది అసమానమైనదే అయినా నిజమైనది. దానిని ఆదర్శంగా అలంకరించినా, భ్రమగా తోసిపుచ్చినా వాస్తవం దొరకదు.

రెండు, కచేరి ఉర్దూపై తెలుగువారికున్న న్యాయమైన ఆగ్రహాన్ని వాడ దక్కనీ మాట్లాడే మనిషిపైకి మళ్లించడం 1948 నాటి విషాదానికి ఒక మూలం. ఈ రెండింటినీ కలిపివేసిన రచన ఎంత ఉదాత్తమైనదైనా ఆ మళ్లింపుకు తెలియకుండానే తోడ్పడుతుంది.

మూడు, ఈ తేడాను పట్టుకున్నవి ‘మా భూమి’లోని బందగీ, దాశరథి సోదరుల అనువాదాలు, సదాశివ వచనం, ‘వతన్’ కథలు. తెలంగాణ నవల గడిని అద్భుతంగా చిత్రించింది. పొరుగింటిని చిత్రించడం చాలావరకు కథకే వదిలింది.

యాచారం వంటి మండలాలలో ఊరిపేర్లు, పీర్ల కొట్టాలు, దర్గాల నిర్వహణలో పాలుపంచుకునే కుటుంబాల ఆనవాయితీలు, ఉర్దూలో రాసిన పాత పహాణీలు ఈ అధ్యయనానికి ముడిసరుకు. 1948ని కళ్లారా చూసి గుర్తుంచుకున్నవారు ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటినవారు. వారి మాటను వారి భాషలోనే, దక్కనీ అయితే దక్కనీలోనే, రికార్డు చేసి నవలల పక్కన పెట్టి చదివే పని ఇక వాయిదా వేయదగినది కాదు.